76 రోజుల వెయిటింగ్ రూమ్



మా ఇంటికి ఎవరొచ్చినా ముందు హాల్లో ఉన్న ఉప్పునీటి ఆక్వేరియం దగ్గర ఆగుతారు. తర్వాత వాళ్ల చూపు డైనింగ్ టేబుల్ వెనక మూలలో ఉన్న రెండో గాజు తొట్టె మీద పడుతుంది. అందులో చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. ఇసుక లేదు, రాళ్లు లేవు, రంగు లైట్లు లేవు. నాలుగు పీవీసీ పైపు ముక్కలు, ఒక స్పాంజ్ ఫిల్టర్, ఒక హీటర్, రెండు రొయ్యలు, ఐదు నత్తలు, అంతే. తొట్టె మీద మా అమ్మాయి స్కెచ్ పెన్నుతో రాసి అంటించిన కాగితం ఉంటుంది: "వెయిటింగ్ రూమ్. దయచేసి తొందరపెట్టకండి."

"వీటికి వేరే తొట్టె ఎందుకండీ? పెద్దదాంట్లోనే వేసేయొచ్చుగా?" అని చాలామంది అడుగుతారు.

గత ఆగస్టులో నేనూ సరిగ్గా ఆ మాటే అన్నాను. ఆ మాట వల్ల మా ఇంట్లో మూడు చేపలు పోయాయి. దాని వెనకాలే ఇంకా పెద్ద నష్టం జరగబోయి ఆగింది. ఆ సంగతి మీతో చెప్పుకుందామని ఈ నాలుగు మాటలు.

పుట్టినరోజు కానుక

మా అమ్మాయి ఏడో తరగతి. రెండేళ్ల కిందట ఫోన్ కావాలని అడిగితే మావారు ఆక్వేరియం కొనిపెట్టారు. మంచినీటి చేపలతో మొదలెట్టింది. ఏడాది తిరక్కుండానే ఉప్పునీటి ట్యాంకు అంది. హైదరాబాద్‌లో సముద్రం ఎక్కడిది? ఆర్వో నీళ్లలో ఆక్వేరియం ఉప్పు కలిపి మేమే సముద్రం తయారు చేసుకోవాలి. రిఫ్రాక్టోమీటర్‌లో రీడింగ్ 1.025 దగ్గర ఉండాలి. నీళ్లు ఆవిరైతే ఉప్పు మాత్రం అక్కడే మిగులుతుంది కాబట్టి, రోజూ తగ్గినంత మేర మంచినీళ్లే పొయ్యాలి. ఇవన్నీ తనే నేర్చుకుంది, ఒక రూళ్ల నోట్‌బుక్‌లో రాసుకుంది. ట్యాంకులో మంచి బాక్టీరియా పెరిగి, టెస్ట్ కిట్‌లో అమ్మోనియా సున్నా వచ్చేదాకా ఆరు వారాలు ఖాళీ నీళ్లనే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాతే చేపలు తెచ్చాం. రెండు క్లౌన్ చేపలు, పిల్లలందరికీ తెలిసిన నీమోలు. తోక పసుపు, ఒళ్లు నీలం ఉన్న ఒక డామ్సెల్. రాళ్ల మీద నాచు గీక్కుని తినే ఒక బ్లెన్నీ. మొత్తం నాలుగు.

ఆగస్టు 16 తన పుట్టినరోజు. పన్నెండు నిండాయి. అద్దాల మీదా రాళ్ల మీదా గోధుమరంగు నాచు పేరుకుంటోందని, దాన్ని తినే నత్తలు కావాలని అప్పటికి నెల రోజులుగా అడుగుతోంది. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి అటే వెళ్లి ఆరు నత్తలు, శంఖంలో దూరి బతికే హెర్మిట్ పీతలు రెండు, ఎర్రటి ఒంటి మీద తెల్లచార ఉండే క్లీనర్ రొయ్యలు రెండు కొనుక్కొచ్చాను. కవర్లు చూడగానే దాని మొహం ఎంత వెలిగిందో, అంతలోనే ఆలోచనలో పడింది.

"అమ్మా, వీటిని కొన్నాళ్లు వేరే ఉంచాలి. నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కొత్తవి ఏవైనా క్వారంటైన్ చెయ్యాలి."

"అది చేపలకి బంగారం. ఇవి రొయ్యలు, నత్తలు. చేపల జబ్బులు వీటికి రావు. కేక్ కట్ చెయ్యాలి, అందరూ వచ్చేస్తున్నారు. పెద్దదాంట్లోనే వేసేద్దాం."

చేపల జబ్బులు వీటికి రావన్నది నిజమే. ఆ నిజం పట్టుకునే నేను పొరపాటు చేశాను.

కవరు నీళ్లు ట్యాంకులో పొయ్యలేదు. సన్నటి గొట్టంతో చుక్కచుక్కగా మా నీళ్లు కలుపుతూ గంటన్నర అలవాటు చేశాం. రొయ్యలూ నత్తలూ ఉప్పు మోతాదులో తేడా తట్టుకోలేవు కాబట్టి అది తప్పనిసరి. అంత జాగ్రత్తా పడి, అసలు జాగ్రత్త వదిలేశాం. రాత్రి తొమ్మిదికి పిల్లలందరూ చప్పట్లు కొడుతుంటే కొత్త జీవులు ట్యాంకులోకి దిగాయి.

ఉప్పు రవ్వల్లాంటి చుక్కలు

పదకొండో రోజున బ్లెన్నీ రెక్క మీద మూడు తెల్లటి చుక్కలు కనిపించాయి. ఉప్పు రవ్వలు అంటుకున్నట్టున్నాయి. మా అమ్మాయి కంగారుపడింది. మూడు రోజులకి చుక్కలు పోయాయి. "చూశావా, తగ్గిపోయింది" అన్నాను. తనూ ఊపిరి పీల్చుకుంది.

సెప్టెంబర్ 4న చుక్కలు తిరిగొచ్చాయి. ఈసారి మూడు కాదు, లెక్కపెట్టలేనన్ని, నాలుగు చేపల మీదా. మొప్పలు గబగబా ఆడుతున్నాయి. మేత వేస్తే ఒక్కటీ దగ్గరికి రాలేదు. మర్నాడు బ్లెన్నీ పోయింది. ఆదివారం డామ్సెల్ పోయింది. 8వ తేదీ తెల్లారేసరికి క్లౌన్ చేపల్లో ఒకటి ఇసుక మీద పక్కకి పడి ఉంది.

రొయ్యలు, నత్తలు, పీతలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

మొదటి చేప పోయిన రాత్రే నేను చదివాను. చదువుతుంటేనే ఏం జరిగిందో అర్థమైంది. ఈ తెల్లచుక్కలకి కారణం క్రిప్టోకారియాన్ అనే ఏకకణ పరాన్నజీవి. అది చేప చర్మంలోనూ మొప్పల్లోనూ దూరి మూడు నుంచి ఏడు రోజులు తింటుంది. మనకి కనిపించే చుక్క అదే. కడుపు నిండాక చేపని వదిలేస్తుంది. చుక్కలు పోయాయని మనం సంబరపడేది అప్పుడే. అలా కిందికి దిగింది ఏదైనా గట్టి వస్తువుని పట్టుకుని, చుట్టూ గట్టి తొడుగు కట్టుకుని, లోపల ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. ఒక్క తొడుగులోంచి రెండు వందల దాకా కొత్త పిల్లలు రావచ్చు. కొన్ని తొడుగులు మూడు రోజులకే పగులుతాయి, కొన్నిటికి నాలుగు వారాలు పడుతుంది. అరుదుగా కొన్ని డెబ్బై రోజుల పైన కూడా అలాగే ఉండి పగిలినట్టు నమోదైంది. బయటికొచ్చిన పిల్లలకి ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి.

గట్టి వస్తువంటే రాయే కానక్కర్లేదు. నత్త చిప్ప కావచ్చు, పీత మోసే శంఖం కావచ్చు. దుకాణంలో చేపల తొట్లకీ నత్తల తొట్లకీ ఒకే నీళ్లు తిరుగుతుంటే, చేప మీద నుంచి దిగింది నత్త చిప్ప మీద తొడుగు కట్టుకోవడానికి అడ్డేముంది? నత్తకి జబ్బు లేదు. నత్త ఇల్లు మాత్రం దాన్ని మోసుకొచ్చింది. నత్తో పీతో ఖాయంగా చెప్పలేను గానీ, ఆ ఏడాదిలో మా ట్యాంకులోకి కొత్తగా వెళ్లినవి ఆ రోజు వేసినవే.

నేను చెప్పిన అబద్ధం

ఆ ఆదివారం మా వీధిలో మూడు గంటలు కరెంటు పోయింది. డామ్సెల్ పోయినప్పుడు మా అమ్మాయి ఏడుస్తూ "ఎందుకిలా అయిందమ్మా?" అని అడిగింది. నా నోట్లోంచి వెంటనే వచ్చిన మాట, "కరెంటు పోయింది కదమ్మా. నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోయి ఉంటుంది."

నాకు తెలుసు, అది కాదని. కానీ అసలు కారణం చెబితే "నేను ముందే చెప్పాను కదా" అంటుందేమోనని భయపడ్డాను. నలభై ఏళ్ల మనిషిని, ఆఫీసులో పదిమందికి పని చెప్పేదాన్ని, పన్నెండేళ్ల పిల్ల ముందు తప్పు ఒప్పుకోలేకపోయాను.

తను ఇంకేమీ అడగలేదు. ఆ మాట అక్కడితో అయిపోయిందనుకున్నాను.

9వ తేదీ రాత్రి తను నిద్రపోయాక టెస్ట్ కిట్ లెక్కలు చూద్దామని నోట్‌బుక్ తీశాను. చివరి పేజీలో ఇలా ఉంది: "ఆదివారం కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎయిర్ పంప్ వెంటనే ఆన్ చెయ్యలేదు. బొమ్మలు గీసుకుంటూ మర్చిపోయాను. గంట తర్వాత గుర్తొచ్చింది. అందుకే చనిపోయాయి. నా వల్లే."

"నా వల్లే" కింద రెండు గీతలు గీసింది.

కరెంటు పోతే ఆ పంప్ ఆన్ చెయ్యడం తనకి అప్పగించిన పని. ఆ సంగతి నాకు గుర్తు కూడా లేదు. నన్ను నేను కాపాడుకోవడానికి చెప్పిన అబద్ధం సూటిగా వెళ్లి దాని మీద పడింది.

పీతల కంచె

ఆ రాత్రి పదకొండింటికి మా నాన్నగారికి ఫోన్ చేశాను. మాది పశ్చిమ గోదావరి. నాన్నగారు మొగల్తూరు వైపు చాలా ఏళ్లు రొయ్యల చెరువులు చేశారు.

మొత్తం విని ఆయన ఒకటే అడిగారు. "చేపలు పోవడానికి ముందు కొత్తగా ఏం వేశారమ్మా?"

చెప్పాను.

"మన చెరువు గట్టు మీద పీతల కంచె ఉండేది, గుర్తుందా?"

గుర్తుంది. గట్టు చుట్టూ మోకాలి ఎత్తున వల కట్టేవాళ్లు. పీతలు చెరువులోకి దిగి రొయ్యల్ని తినేస్తాయని అనుకునేదాన్ని చిన్నప్పుడు.

"తినడం సంగతి అలా ఉంచు. తెల్లమచ్చ వైరస్ పీతలో ఉన్నా ఒక్కోసారి పీతకేం కాదు. చక్కగా తిరుగుతూనే ఉంటుంది. చెరువులోకి దిగిందంటే రొయ్యకి అంటిస్తుంది. నీరసంగా ఉన్నదాన్ని ఎవరైనా ఏరి పారేస్తారమ్మా. హుషారుగా తిరిగేదాన్నే మనం అనుమానించం."

చేపలకి వచ్చే తెల్లచుక్కలూ రొయ్యలకి వచ్చే తెల్లమచ్చా ఒక జబ్బు కావు. మొదటిది ఏకకణ జీవి వల్ల, రెండోది వైరస్ వల్ల. కానీ రెండూ ఇంట్లోకి వచ్చే దారి ఒకలాంటిదే.

తర్వాత ఆయన నాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పారు. 1994లో, 95లో మన తీరమంతా తెల్లమచ్చతో టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయిన రోజులు. మా చెరువూ పోయింది, ఎకరంన్నర పొలం అమ్మాల్సి వచ్చింది. ఇంట్లో అందరికీ డ్రెయిన్ నీళ్లు పాడై పోయిందని చెప్పారట. "నీళ్ల సంగతి దేవుడికెరుక. ఆ యేడు పక్కవాళ్లందరూ పిల్ల వదిలేశారని నేనూ తొందరపడ్డాను. వచ్చిన సీడు నెమ్మదిగా ఉందని మీ అమ్మ గట్టు మీదే అంది. నేను వినలేదు. ఆవిడ మాట నిజమని ఒప్పుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. నువ్వు అన్నేళ్లు తీసుకోకమ్మా."

ఆ దెబ్బ తర్వాతే రొయ్య రైతుల పద్ధతి మారుతూ వచ్చింది. సీడుకి పీసీఆర్ టెస్ట్ చేయించాకే వదలడం, గట్లకి పీతల కంచె, పైన పిట్టలు వాలకుండా తీగలు. 2009 నుంచి విదేశాల వనామీ తల్లి రొయ్యలు వస్తున్నప్పుడు, వాటిని నేరుగా హేచరీలకి పంపకుండా చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో దించి, పరీక్షించాకే వదిలే ఏర్పాటు జరిగింది. కోట్ల రూపాయల వ్యాపారం ఆ ఆలస్యాన్ని ఓర్చుకుంటోంది. నేను ఒక్క పుట్టినరోజు సాయంత్రం ఓర్చుకోలేకపోయాను.

దిద్దిన పేజీ

మర్నాడు పొద్దున బడికి తయారవుతుంటే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. చేపలు కరెంటు వల్ల పోలేదని, నువ్వు వద్దన్నా నేను వేసినవాటితో వచ్చిన పరాన్నజీవి వల్ల పోయాయని, ఆ సంగతి నాకు ఆదివారమే తెలుసని.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే పంప్ వల్ల కాదా?" అంది.

"కాదమ్మా. గంట ఆలస్యమైతే ఆ నాలుగు చేపలకి ఏమీ కాదు. ఒంటి మీద చుక్కలు అంతకు రెండు రోజుల ముందే వచ్చాయి కదా, నువ్వే రాశావు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు ముందే చెప్పావు కాబట్టి. నాకు సిగ్గేసింది."

తను నోట్‌బుక్ తెచ్చి నా చేతికిచ్చింది. "నువ్వే దిద్దు" అంది. "నా వల్లే" అన్నది కొట్టేసి, కింద నా చేత్తో రాశాను: "క్వారంటైన్ చెయ్యకుండా అమ్మ వేసింది. అందువల్ల." తేదీ వేసి సంతకం చెయ్యమంది. చేశాను. "నేను ముందే చెప్పాను కదా" అన్న మాట ఆ రోజు అనలేదు, ఇప్పటిదాకా అనలేదు.

అదే రోజు, సెప్టెంబర్ 10, గోడ మీద క్యాలెండర్‌లో ఒకటి అని రాసింది. మిగిలిన ఒక్క క్లౌన్ చేపని విడి తొట్టెలోకి మార్చాం. దానికి రాగి మందు వెయ్యాలి. పెద్ద ట్యాంకులో ఆ మందు వెయ్యడానికి లేదు, ఎందుకంటే చేప తట్టుకునే రాగి మోతాదు రొయ్యల్నీ నత్తల్నీ చంపేస్తుంది, రాళ్లలోకీ ఇంకుతుంది. డబ్బా మీద రాసిన మోతాదు ప్రకారం, రాగి టెస్ట్ కిట్‌తో చూసుకుంటూ 30 రోజులు మందు నడిపాం. పెద్ద ట్యాంకులో చేప అన్నదే లేకుండా 76 రోజులు ఉంచాం. ఉప్పునీటి చేపలు పెంచేవాళ్లలో చాలామంది పాటించే లెక్క అది. ఎంత ఆలస్యంగా పగిలే తొడుగైనా ఈలోపు పగలాలి, వచ్చిన పిల్లలకి చేప దొరక్కూడదు. నవంబర్ 25 సాయంత్రం క్లౌన్ చేప ఇంటికి తిరిగొచ్చింది. కేక్ లేదు, చప్పట్లు లేవు. మేం ముగ్గురం నేల మీద కూర్చుని గంటసేపు దాన్నే చూశాం.

ఇప్పుడు మేం పాటించేవి

సంక్రాంతికి వచ్చిన తాతయ్యతో కలిసి వెళ్లి మా అమ్మాయి తన డబ్బులతో కొత్త నత్తలూ రొయ్యలూ కొంది. జనవరి 18న అవి వెయిటింగ్ రూమ్‌లోకి దిగాయి. మీలో ఎవరి ఇంట్లోనైనా ఉప్పునీటి ట్యాంకు ఉంటే పనికొస్తాయని, మా పద్ధతులు రాస్తున్నాను.

కొనే ముందు దుకాణంలో ఒక ప్రశ్న అడగండి: చేపల తొట్లకీ వీటి తొట్లకీ నీటి లైను ఒకటేనా, వేరువేరా? చేప లేని, వేరే లైను ఉన్న తొట్టె నుంచి తీసుకుంటే ముప్పు తగ్గుతుంది. అయినా ఇంటికొచ్చాక విడిగా ఉంచాల్సిందే.

విడి తొట్టె పెద్దది అక్కర్లేదు. మాది 40 లీటర్లు. వేడి 26, 27 డిగ్రీల దగ్గర, ఉప్పు పెద్ద ట్యాంకులో ఉన్నంతే. అందులో చేప ఒక్కటి కూడా ఉండకూడదు. ఇదివరకు రాగి మందు వాడిన తొట్టె, ఫిల్టర్ వీటికి వాడొద్దు. మేం వీటికోసం కొత్తవే కొన్నాం. నత్తలకి దుకాణంలో దొరికే ఎండు సముద్రపు నాచు ముక్క, రొయ్యలకి చిటికెడు మేత. తినగా మిగిలింది ఆ పూటే తీసేయాలి. చిన్న తొట్టెలో అమ్మోనియా త్వరగా పెరుగుతుంది కాబట్టి టెస్ట్ కిట్‌తో తరచూ చూడాలి. మేం వారానికోసారి పావు వంతు నీళ్లు మారుస్తాం.

రెండు తొట్లకీ వల, గొట్టం, బకెట్, తుడిచే గుడ్డ దేనికది విడిగా ఉండాలి. ఒకదాని తుంపర్లు ఇంకోదాంట్లో పడనంత దూరం ఉండాలి. పని ఎప్పుడూ పెద్ద ట్యాంకులో ముందు, విడి తొట్టెలో తర్వాత. చివర్లో చేతులు కడుక్కుని పొడిగా తుడుచుకోవాలి. మధ్యలో కొత్తది ఏది వేసినా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. రొయ్య పొర విడిస్తే ఆ పొర తీసేస్తాం.

పరాన్నజీవిని కడిగేద్దామని నత్తనో రొయ్యనో మంచినీళ్లలో ముంచొద్దు. ఆ జీవే పోతుంది. ఇక్కడ పనిచేసే మందు ఒకటే: చేప లేని నీళ్లలో గడిచే రోజులు.

చేపలకి వచ్చేవే కాదు, నత్తలకీ వాటి పరాన్నజీవులు వాటికున్నాయి. తొమ్మిదో రోజు రాత్రి లైట్లన్నీ ఆపేసి టార్చ్ వేసి చూస్తుంటే మా అమ్మాయి కేకేసింది. ఒక నత్త చిప్ప అంచున, సరిగ్గా మాంసం మొదలయ్యే చోట, నూకగింజల్లాంటి తెల్లటి బుల్లి నత్తలు నాలుగు వరసగా అతుక్కుని ఉన్నాయి. వీటిని పిరమిడెల్లిడ్ నత్తలంటారు. పగలు దాక్కుని, రాత్రిళ్లు పెద్ద నత్తల ఒంట్లోని ద్రవాన్ని పీలుస్తాయి. పాత టూత్‌బ్రష్‌తో ఆ నత్తని నెమ్మదిగా తోమి, బుల్లివాటిని ఏరేశాం. చిప్ప మీద జిగురులా ఉన్న గుడ్ల ముద్దల్ని కూడా గీకేశాం. మూడు వారాలు రోజూ రాత్రి టార్చ్ తనిఖీ. రెండో వారంలో ఇంకో రెండు దొరికాయి. తర్వాత కనిపించలేదు. తెల్లగా చిన్నగా కనిపించే ప్రతి నత్తా పరాన్నజీవి కాదు, అందుకే రాత్రిపూట ఏది ఎక్కడ అతుక్కుందో చూసి తేల్చుకోవాలి. పెద్ద ట్యాంకులో రాళ్ల మధ్య అయితే మేం వాటిని చూడగలిగేవాళ్లమే కాదు.

ఇంకొక్క మాట. వైజాగ్ వెళ్లినప్పుడు పిల్లలు ఒడ్డున దొరికిన పీతలూ నత్తలూ తెచ్చుకుందామని అడుగుతారు. వద్దని చెప్పండి. వాటితో ఏమొస్తుందో తెలియదు, పైగా బతికున్న పగడాలు, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు, కొన్ని రకాల శంఖాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. అవి ఎవరు అమ్మినా మనం కొనకూడదు.

నలభై ఏడో రోజు

ఇది రాస్తున్న మార్చి 6కి క్యాలెండర్ 47 చూపిస్తోంది. ఏప్రిల్ 4న 76 పూర్తవుతాయి. తన పరీక్షలు ఎప్పుడు మొదలవుతాయో నన్నడిగితే చెబుతుంది గానీ, నత్తల తేదీ మాత్రం అడక్కుండానే చెబుతుంది.

మొన్న పక్క ఫ్లాట్ బాబు వచ్చి, "అక్కా, ఇవి బాగానే ఉన్నాయిగా, ఇప్పుడే వేసేయొచ్చుగా?" అన్నాడు. మా అమ్మాయి వాణ్ణి కూర్చోబెట్టి నోట్‌బుక్ తీసింది. తొడుగు బొమ్మ గీసింది, నత్త చిప్ప మీద బాణం గుర్తు పెట్టింది. తర్వాత పేజీలు తిప్పుతుంటే నా సంతకం ఉన్న పేజీ వచ్చింది. వంటింట్లోంచి చూస్తున్న నాకు గుండె ఆగినంత పనైంది.

"ఇదేంటక్కా?" అన్నాడు వాడు.

"అది మా అమ్మ రాసింది. ఒకసారి తొందరపడింది, తర్వాత నిజం చెప్పేసింది" అని పేజీ తిప్పి, తాతయ్య చెప్పిన పీతల కంచె బొమ్మ చూపించింది.